గున్నమ్మ పెరట్లో అరుపుల బడి

శృంగవరపుకోటలో గున్నమ్మ గొంతు గురించి చాలామంది చాలా చెప్పేవారు. ఆవిడ పెరట్లో నిలబడి భర్తని భోజనానికి పిలిస్తే, సంతలో ఉన్న జగన్నాధంతోపాటు ఊళ్ళోని రెండో జగన్నాధం కూడా ఇంటికి బయల్దేరేవాడనేది అందులో ఒకటి. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పిన మాటే. ఆ రెండో జగన్నాధానికి చెవుడు.

గున్నమ్మ పుట్టింది పాతపట్నం వైపు ఒక పల్లెలో. తండ్రి దాలయ్యకి కాస్త మెట్ట పొలం, దాని పక్కనే ఒక గరిడీ ఉండేవి. గరిడీ అంటే నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, కింద మెత్తగా తవ్విన మన్ను, ఓ మూల వెదురు కర్రల మోపు. పొలం పనులయ్యాక కుర్రాళ్ళొచ్చి అక్కడ కర్రసాము నేర్చుకునేవారు. జోడీకి ఒకడు తక్కువైన రోజున దాలయ్య కూతుర్ని కేకేసి ఎదురుగా నిలబెట్టేవాడు. కోతల రోజుల్లో ఎవడో ఒకడు ఎప్పుడూ తక్కువయ్యేవాడే. ఆడపిల్లకి సాము నేర్పుతున్నావేమిటని ఊళ్ళోవాళ్ళు అడిగితే, నేర్పడం లేదు, ఊరికే నిలబెడుతున్నాను అనేవాడు దాలయ్య. అలా నిలబడి నిలబడి, పదహారేళ్ళు వచ్చేసరికి గున్నమ్మ గరిడీలో సగం మంది కర్రలు ఎగరగొట్టేది.

పెళ్ళినాడు జగన్నాధం తరఫు ముసలమ్మలు పెళ్ళికొడుకు వైపు జాలిగా చూశారట. అతను సన్నగా, మెతగ్గా ఉండేవాడు. కొండ మీంచి చింతపండు, పసుపు బండి మీద దింపుకొచ్చి, అందరూ కోట అని పిలిచే శృంగవరపుకోటలో అమ్మడం అతని పని. ఎద్దుల్ని కూడా గట్టిగా అదిలించేవాడు కాదు. గున్నమ్మ వాళ్ళాయన్ని రోజూ కర్రతో సాధిస్తుందని ఊళ్ళో సరదాగా అనుకునేవారు గాని, నిజానికి ఆ ఇంట్లో మాటా మాటా వస్తే ముందు ఏడ్చేది గున్నమ్మే. కప్ప కనిపిస్తే మాత్రం ఏడ్చేది కాదు, సరాసరి అరుగెక్కేసేది.

ఆవిడకి ఒక బలహీనత ఉంది. పులి కథ. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు భర్తతో బండి మీద అనంతగిరి ఘాటీ దిగుతుంటే ఒక జంతువు దారికి అడ్డం వచ్చింది. గున్నమ్మ కర్ర తీసుకుని దూకితే అది పారిపోయింది. మొదటి ఏడాది చెప్పినప్పుడు అది దుమ్ములగొండి. మరి రెండేళ్ళకి చిరుతపులి అయింది. యుద్ధం వచ్చేసరికి పెద్దపులై, గాండ్రించడం కూడా మొదలుపెట్టింది. జగన్నాధాన్ని సాక్ష్యం అడిగితే తలొంచుకుని పలుపు ముడి వేసుకుంటూ, ఏదో నక్క అనుకుంటాను అని మెల్లిగా అనేవాడు.

నలభై రెండు వేసవిలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. బళ్ళు కట్టుకుని జనం లోపలి ఊళ్ళకొచ్చేశారు. కోటలో చుట్టాలు దిగని ఇల్లు లేదు. కిరాణా కొట్టు సావుకారు నగరేశ్వరరావు ఇంట్లో కూడా ఒకాయన దిగాడు. పేరు నరసింగరావు, సావుకారు భార్య భాగ్యవతికి అన్నగారి వరస. మంచి మాటకారి. కొట్టు అరుగు మీద కూర్చుని పేపరు చదివి, యుద్ధం ఎక్కడిదాకా వచ్చిందో అందరికీ విప్పి చెప్పేవాడు. పిల్లలకి పటికబెల్లం పంచేవాడు. వీటన్నిటికీ మించి, గున్నమ్మ పులి కథని మధ్యలో లేచిపోకుండా చివరిదాకా విన్నవాడు ఊరు మొత్తం మీద ఆయనొక్కడే. విని, మళ్ళీ చెప్పమనేవాడు కూడా. అంత పెద్దమనిషి విశాఖపట్నంలో పుట్టడం వల్లనే ఆ ఊరి మీద బాంబులు పడ్డాయేమో అన్నంత గౌరవం గున్నమ్మకి.

వానాకాలంలో బడి తెరిచారు. దారి పొడుగునా మిలిటరీ లారీలు. ఒకరోజు బడికి వెళ్తున్న ఆడపిల్లలు లారీకి దారి ఇస్తూ పక్కకి దిగారు. లారీ ఆగింది. అందులోంచి ఒక మనిషి దూకి, తెలియని భాషలో అరుస్తూ వాళ్ళ వెంట పడ్డాడు. పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరుగా పరుగెత్తి ఇళ్ళకి చేరారు. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో తలుపులన్నీ మూతపడ్డాయి. ఆ మనిషి చేతిలో ఉన్నది ఒక పిల్ల పారేసుకున్న పుస్తకాల సంచి అనీ, దాన్ని బడి గేటుకి తగిలించి వెళ్ళిపోయాడనీ సాయంత్రం తెలిసింది. అయినా అప్పటికే భయపడటం అయిపోయింది కనక ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మర్నాటి నుంచి ఆడపిల్లలు బడికి వెళ్ళడం బందయింది.

గున్నమ్మ ఉప్పుకని కొట్టుకి వెళ్ళినప్పుడు సావుకారు కూతురు కన్యాకుమారి గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. పదమూడేళ్ళ పిల్ల, చదువంటే ప్రాణం. మాట మాత్రం ఎదుటివాళ్ళు వంగి వినాల్సినంత చిన్నగా ఉండేది.

"సావుకారూ, బెల్లం పాడైపోకండా జాడీలో పెడతారు. పిల్లని కూడా జాడీలో పెట్టీసినారేటి?" అంది గున్నమ్మ.

నగరేశ్వరరావు ఏ మాటకైనా త్రాసు ముల్లు కుదురుకున్నాకే బదులు చెప్పే మనిషి. అది కుదురుకున్నాక, మరేం చెయ్యమంటావని అడిగాడు. తన దగ్గరికి పంపితే ఒంటిని ఎలా కాచుకోవాలో నేర్పుతానని, అప్పుడు పిల్లలంతా జట్టుగా బడికి వెళ్ళొచ్చని గున్నమ్మ చెప్పింది. భాగ్యవతి ఒప్పుకోలేదు. పెళ్ళి కావలసిన పిల్ల మొహం మీద కర్ర గాటు పడితే ఎవరు పూచీ అంది. అప్పుడు అరుగు మీంచి నరసింగరావే కల్పించుకుని, ఈ రోజుల్లో ఆడపిల్లకి ధైర్యం కావాలి, పంపించు బావా అన్నాడు. పెద్దమనిషి మాట కనక చెల్లింది.

మొదటి రోజు పాఠం గురించి ఎక్కువ చెప్పకపోవడమే మర్యాద. గున్నమ్మ తండ్రిలాగే మట్టికి దణ్ణం పెట్టించి అందరికీ వెదురు కర్రలు ఇచ్చింది. రైతుబిడ్డ చిన్నతల్లి, ఉన్నవాళ్ళలో కాస్త దుడుకు పిల్ల, కర్ర తిప్పడం మొదలుపెట్టగానే పందిరి మీది పొట్లకాయలు రెండు రాలాయి. ఒకమ్మాయి పరికిణీ కాలికి అడ్డం పడి బోర్లా పడింది. ఇంకొకమ్మాయి తన నుదురు తనే కొట్టుకుంది. కన్యాకుమారి కర్రని పూజకి తెచ్చిన అరటి పిలకలా రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

జగన్నాధం ఎద్దులకి కుడితి పెడుతూ ఇదంతా చూశాడు. పిల్లలు వెళ్ళాక, "ఆళ్ళు బడికెల్తే సేతిలో పలక ఉంటాది గాని కర్ర ఉంటాదేటే?" అన్నాడు.

గున్నమ్మకి కోపం వచ్చింది. గరిడీ మొహం చూడని మనిషి తనకి పాఠం చెప్పడమేమిటని రాత్రి అన్నం కూడా విసురుగా వడ్డించింది. మర్నాడు మాత్రం కర్రల మోపు అటకెక్కించేసింది. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే బొటనవేలి వైపుగా ఎలా విదిలించుకోవాలి, వెనకనుంచి వస్తే మోచెయ్యి ఎక్కడ తగలాలి, మడమతో పాదం ఎలా తొక్కాలి, ఇవే చూపించడం మొదలుపెట్టింది. అన్నిటికంటే ముందు అరవాలి అంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక్కరికీ అరవడం రాదు. పుట్టినప్పటి నుంచి మెల్లిగా మాట్లాడు, నవ్వితే పళ్ళు కనిపించకూడదు అని పెంచిన పిల్లలాయె. గున్నమ్మ ఒక పరీక్ష పెట్టింది. పెరటి ఈ చివర నిలబడి అరిస్తే, ఆ చివర కట్టేసిన ఎద్దులు తలెత్తి చూడాలి. ఎద్దులు గున్నమ్మ గొంతుకి అలవాటుపడినవి కనక మామూలు కేకలకి చెవి కూడా కదిపేవి కావు. చిన్నతల్లి మూడో రోజుకి నెగ్గింది. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే నెగ్గారు. ఊరివాళ్ళు దీనికి అరుపుల బడి అని పేరు పెట్టి, దారినపోతూ గోడ మీంచి తొంగిచూసి నవ్వేవారు. కన్యాకుమారి అరిస్తే ఎద్దులు నెమరు కూడా ఆపలేదు. తన అరుపుకి తనే సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

జట్టుగా బడికి వెళ్ళడం మొదలయింది. బడి నుంచి నేరుగా అరుపుల బడి. ఒకనాడు అందరూ వెళ్ళిపోయాక కన్యాకుమారి వెనకబడి, "తెలిసినోల్లయితే ఏటి సెయ్యాలి, గున్నమ్మత్తా?" అని అడిగింది.

"తెలిసినోల్లయితే మరి బయమేటే?" అని నవ్వేసింది గున్నమ్మ.

ఆ పిల్ల పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు పాఠం అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా ఎద్దులకి గడ్డి వేస్తానని, పేడ ఎత్తుతానని ఏదో ఒక పని పెట్టుకుని దీపాల వేళదాకా ఉండిపోయేది. తను నేర్పిన క్రమశిక్షణ చూడమని గున్నమ్మ భర్త దగ్గర గొప్పలు పోయింది. జగన్నాధం అంతా విని, సావుకారు పిల్లకి పేడెత్తడమంటే అంత సరదా ఏమిటి, ఇంటికెళ్ళడానికి ఎందుకు జంకుతోందని అడిగాడు. గున్నమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తను నవ్వి కొట్టిపారేసిన ఆ పిల్ల ప్రశ్న ఒక్కసారిగా గుర్తొచ్చింది.

మర్నాడు గడ్డి దులుపుతూ, ఆ పిల్ల మొహం వైపు చూడకుండా మాట్లాడింది.

"ఆ రోజు నాను తప్పు సెప్పినాను. తెలిసినోడైనా, సుట్టమైనా, నీకు ఒద్దనిపిస్తే ఒద్దే. ఎవులో నాకు సెప్పక్కర్లేదు. నీ తప్పు మాత్రం నేదు. గట్టిగా అరిసెయ్. తరవాత సంగతి నాను సూసుకుంటాను."

కన్యాకుమారి గడ్డి పోచలు తుంచడం మొదలుపెట్టింది. అమ్మకి ఒకసారి చెప్పానని, పెద్దవాళ్ళు ముద్దు చేస్తే తప్పుగా అనుకోకూడదని అమ్మ కసిరిందని చివరికి చెప్పింది. పేరు చెప్పలేదు.

భాగ్యవతితో మాట్లాడదామని గున్నమ్మ ఆ సాయంత్రమే సావుకారు ఇంటికి వెళ్ళింది. అరుగు మీద నరసింగరావు ఉన్నాడు. రా రా గున్నమ్మా అని పీట వేయించి, ఎవరో కొత్త చుట్టం వచ్చాడని, ఆయనకి పులి కథ వినిపించమని అడిగాడు. వచ్చిన పని అంత ముఖ్యమైనదా, పులి కథ ముఖ్యమైనదా అంటే ఏం చెప్పగలం? గున్నమ్మ మొదలుపెట్టింది. ఆ రోజు పులి మామూలు కంటే ఒక మూర పొడుగ్గా ఉంది. అది పంజా ఎత్తిన చోట చెయ్యి పైకెత్తి, అటు తిరిగింది. తలుపు వెనక కన్యాకుమారి నిలబడి ఉంది. నరసింగరావు పకపకా నవ్వుతూ, ఏమ్మా బంగారం, నువ్వూ వచ్చి కూర్చో అని చెయ్యి చాపాడు. ఆ పిల్ల తలుపుని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, గున్నమ్మ వైపు చూసింది.

గున్నమ్మ చెయ్యి దించేసింది. పులి పంజా ఎత్తి అలాగే ఉండిపోయింది. తర్వాతేమైందని కొత్త చుట్టం అడిగితే, "ఏటీ నేదు బాబూ. అది నక్క," అని చెప్పి లోపలికి వెళ్ళింది.

వంటింట్లో భాగ్యవతికి తనకి తోచింది తోచినట్టు చెప్పింది. భాగ్యవతి మొహం మాడిపోయింది. అన్నగారి మీద ఇలాంటి మాట రెండోసారి అంటే గుమ్మం తొక్కనివ్వనని, మర్నాటి నుంచి పిల్ల అరుపుల బడికి రాదని చెప్పి పంపేసింది. సావుకారుతో చెబుదామంటే నరసింగరావు ఎప్పుడూ ఆయన పక్కనే కూర్చుని ఉండేవాడు.

ఇక గున్నమ్మ చేయగలిగింది ఒక్కటే. ఉప్పు కొనడం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలవేళ ఒకసారి కొట్టుకి వెళ్ళి నిలబడేది. లోపల కన్యాకుమారి కనిపిస్తే, ఎద్దులు నిన్ను అడుగుతున్నాయే అని అందరి ముందూ కేకేసేది. గున్నమ్మకి ఏదో పట్టిందని కొట్టుకొచ్చినవాళ్ళు అనుకున్నారు. ఇంట్లో ఉప్పు పెట్టడానికి కుండలు చాలక జగన్నాధం ఎద్దుల కుడితిలో కలపడం మొదలుపెట్టాడు.

సంత రోజొచ్చింది. కొట్టు కిటకిటలాడుతోంది. జగన్నాధం గుమ్మం ముందు బండి ఆపి చింతపండు దింపుతున్నాడు. వెనక కొట్టుగదిలోంచి చిన్న కుంచం తెమ్మని సావుకారు తన కూతుర్ని పంపాడు. అది పైన ఉంటుంది, నేను అందిస్తానంటూ నరసింగరావు పేపరు మడిచి లేచాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత సంతంతా ఒక కేక విన్నది. "ఒద్దు!"

బేరాలు ఆగిపోయాయి. ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియలేదు, అంతకుముందు ఎవరూ విన్నది కాదు కనక. వెనకే ఏదో దబ్బున కూలిన చప్పుడు. మరుక్షణం నరసింగరావు కొట్టుగదిలోంచి తుమ్ముతూ, కళ్ళు నులుముకుంటూ బయటికి పడ్డాడు. చెయ్యి పట్టుకుంటే ఆ పిల్ల విదిలించుకుని, మోచేత్తో డొక్కలో ఒక్కటిచ్చింది. ఆయన వెనక్కి తూలి ఎండుమిరప బస్తా మీద పడ్డాడు. బస్తా పిగిలింది. ఆ ఘాటు కొట్టంతా పాకి, సావుకారు దగ్గర్నుంచి బేరగాళ్ళదాకా అందరూ తుమ్మడం మొదలుపెట్టారు. బండి ఎద్దులు రెండూ తలెత్తి కొట్టు వైపే చూస్తూ ఉండిపోయాయని జగన్నాధం ఆ తర్వాత ఒట్టేసి చెప్పేవాడు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు.

సంత ఆ చివర కూరలు బేరమాడుతున్న గున్నమ్మ ఆ గొంతుని ఆనవాలు పట్టింది. ఎవరిదో బరువులు మోసే కావిడి కర్ర లాక్కుని పరుగున వచ్చింది. తీరా వచ్చేసరికి కొట్టడానికి ఏమీ మిగల్లేదు. జన్మలో ఒక్కసారి కర్ర అవసరం పడితే, అప్పటికి పని పూర్తయిపోయింది. గున్నమ్మ మెట్టు మీద చతికిలబడి, అలవాటు ప్రకారం ఏడ్చేసింది.

ఎలకని చూసి పిల్ల జడుసుకుందని, తను సాయానికి వెళ్ళానని నరసింగరావు తుమ్ములమధ్య చెబుతున్నాడు. పెద్దమనిషి మాట కదా, కొందరు తల ఊపారు కూడా. కన్యాకుమారి గుమ్మంలోకి వచ్చింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మాట కొట్టు చివరిదాకా వినిపించింది.

"ఎలక కాదు నాన్నా. నా సెయ్యి పట్టుకున్నాడు. ఇంతకుముందూ ఒద్దన్నాను."

సావుకారు చేతిలో త్రాసు ఊగుతూనే ఉంది. ఈసారి అది కుదురుకునేదాకా ఆగలేదు. దాన్ని కింద పడేసి, వెళ్ళి కూతురి పక్కన నిలబడ్డాడు. లోపలి నుంచి భాగ్యవతి వచ్చింది. అన్నగారి వైపు చూడలేదు.

"అది నాకు ముందే సెప్పింది. నానే ఇన్నేదు," అంది భర్తతో, నలుగురూ వినేటట్టు.

తర్వాత ఆవిడే లోపలికి వెళ్ళి నరసింగరావు ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చి వీధిలో పెట్టింది. బరువైన పెట్టె, ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. ఆయన ఖాళీ అయిన బండి చూసి, విజయనగరం రోడ్డుదాకా దింపమని జగన్నాధాన్ని అడిగాడు. జగన్నాధం తన ఖాళీ బండి వైపు ఒకసారి చూసి, "బండి ఖాళీ నేదు బాబూ," అన్నాడు. అతను ఒకరికి లేదని చెప్పడం ఊరు చూడటం అదే మొదలు. మిగతా బళ్ళవాళ్ళకి కూడా అదే మాట నచ్చింది. నరసింగరావు పెట్టె నెత్తిన పెట్టుకుని, తుమ్ముకుంటూ నడిచిపోయాడు. మళ్ళీ కోట వైపు రాలేదు.

ఊరన్నాక మాటలు రాకుండా ఉండవు. ఇంత అల్లరయ్యాక ఆ పిల్లకి పెళ్ళవుతుందా అన్నవాళ్ళున్నారు. మర్నాడు కొట్టు తీయగానే ఒకాయన ఆ సంగతే చుట్టూ తిప్పి కదిపాడు. సావుకారు ఆయన మొహంలోకి చూసి, "మా పిల్ల అరిసింది. మంచి పని సేసింది. మీకేటి కావాలి?" అన్నాడు. ఆయన కంగారులో ఉప్పు కావాలన్నాడు.

కన్యాకుమారికి కొన్నాళ్ళు నిద్ర సరిగా పట్టలేదు. తల్లి ఆ రోజులన్నీ కూతురి పక్కనే పడుకుంది. బడి మాత్రం మానలేదు. సాయంత్రాలు గున్నమ్మ పెరట్లో కొత్త పిల్లలకి చెయ్యి విదిలించుకోవడం ఆ పిల్లే చూపించేది. కొన్నేళ్ళకి పెళ్ళయింది. సాలూరులో ఒక మంచి సంబంధం. ఆ కుర్రాడికి ఈ కథంతా ముందే తెలుసనీ, తెలిసే వచ్చాడనీ అనేవారు.

నరసింగరావు వెళ్ళిపోయిన ఏడాదే అరుపుల బడికి పిల్లలు రెట్టింపయ్యారు. గోడ మీంచి తొంగిచూసి నవ్వినవాళ్ళే తమ కూతుళ్ళని వెంటబెట్టుకొచ్చారు. అయితే గున్నమ్మ ఒక కొత్త నియమం పెట్టింది. పిల్లని చేర్చాలంటే తల్లో తండ్రో ఒక సాయంత్రం వచ్చి పెరట్లో కూర్చోవాలి. పిల్ల ఏం చెబితే అది, పూర్తయ్యేదాకా నోరు మెదపకుండా వినాలి. మధ్యలో మాట్లాడితే మళ్ళీ మర్నాడు రావాలి. తేలికేగా అని నవ్వుతూ వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది వారం దాటినా నెగ్గలేకపోయారు. బడిపంతులుగారైతే నెల పట్టించారు. భాగ్యవతి కొత్తవాళ్ళ పక్కనే పీట వేసుకుని కూర్చునేది. ఎవరైనా తండ్రి అబ్బే, అదేం లేదమ్మా అంటూ అడ్డం వెళ్ళబోతే, మాట్లాడకుండా అతని మోకాలి మీద విసనకర్రతో ఒక్కటి తగిలించేది.